ఎడమకాలి మీద ఆరు గళ్ళు

"ఇది నూనా, యాసిడా?"

సీసాని కౌంటర్ మీద ఠప్పున పెట్టి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. బయట వాన దంచేస్తోంది. కోపంలో గొడుగు మూయడం కూడా మర్చిపోయి లోపలికొచ్చేసింది. నేను అప్పుడే వరసగా పేర్చుకున్న లేబుళ్ళ మీద గొడుగు చివర్ల నుంచి నీళ్ళు టపటపా కారుతున్నాయి.

"ముందు ఆ గొడుగు మూస్తారా?" అన్నాను.

"ముందు నా ప్రశ్నకి జవాబు చెప్తారా?"

"నూనె కాదు. యాసిడ్ అంతకన్నా కాదు. మెగ్నీషియం ఆయిల్. సీసా మీద రాసుంది కదండీ."

"నాకు చదవడం వచ్చు!"

నిజం చెప్పొద్దూ, ఆ అమ్మాయి మళ్ళీ వస్తే ఏం మాట్లాడాలో పదిహేను రోజులుగా రిహార్సల్ వేసుకుంటున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు ఆరు సీసాలు తీసుకుంది. రసీదు మీద సంతకం పెట్టడానికి పెన్ను కోసం బ్యాగంతా వెతికింది, జేబులు వెతికింది, చివరికి నా కౌంటర్ కింద కూడా తొంగిచూసింది. పెన్ను ఆవిడ కొప్పులోనే గుచ్చుకుని ఉంది. నేను చెప్పలేదు. చెప్తే సంతకం పెట్టేసి వెళ్ళిపోతుందిగా! ఆ రోజు నుంచి తలుపు చప్పుడైతే చాలు, తలెత్తి చూడటమే పనైపోయింది. తీరా ఆవిడ వస్తే నా నోట్లోంచి ఊడిపడింది గొడుగు సంగతి. నా మొహానికి అంతే.

"అసలేమైందండీ?"

"ఏమైందా? ఆరుగురు! ఆరుగురు సైకిల్ రేసు వాళ్ళు, నిన్న ప్రాక్టీసు మధ్యలో సైకిళ్ళు అవతల పారేసి, రోడ్డు పక్క కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ కప్పల్లా గెంతారు. దారిన పోయేవాళ్ళు వీడియోలు తీసుకున్నారు. పిక్కలన్నీ ఎర్రగా కందిపోయాయి."

ఆవిడ రెండు వీధుల అవతల ఉన్న ఆటగాళ్ళ క్లినిక్‌లో ఫిజియో. చేరి ఆరు నెలలు కావస్తోంది. ఇంకా ప్రొబేషన్. ఈ శనివారం పదింటికి ఉంచుతారో పంపిస్తారో తేల్చేస్తారు. ఇలాంటప్పుడు వాళ్ళ టీమ్ మొత్తానికి ఆవిడ రాసింది మా సీసాలోని సరుకు.

"మండుతోంది మేడమ్ అని వాళ్ళు మొదటి నిమిషంలోనే మొత్తుకున్నారు. నేనేమన్నానో తెలుసా? కాసేపు ఓర్చుకోండి, చురుక్కుమంటే పనిచేస్తున్నట్టే అన్నాను. ఎందుకన్నాను? మీరు చెప్పారు కాబట్టి! ఇక్కడే, ఈ కౌంటర్ దగ్గరే నిలబడి చెప్పారు."

సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి అమ్మ వచ్చింది. కళ్ళద్దాలు నెత్తి మీద, చేతిలో కలియబెట్టే పొడుగాటి కర్ర.

"ఏమిట్రా గొడవ? ఏం చెప్పావు నువ్వు?"

ఆ రోజు ఆవిడ కొప్పు గుర్తుంది, పెన్ను గుర్తుంది, కుడి చెవి పక్కన జారిన జుట్టు కూడా గుర్తుంది. నేను ఏం వాగానో మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు. అలాంటప్పుడు గుర్తులేదు అనాలి. నేను ఏమన్నానో చూడండి.

"నేనా? అబ్బే, నేనలా అనలేదమ్మా."

ఆ అమ్మాయి నా వంక చూసింది. కోపంగా కాదు, అదో రకంగా, తన చెవులనే నమ్మలేనట్టు చూసింది. కాస్త నెమ్మదిగా గొడుగు మూసింది.

"సరేలెండి. అనలేదేమో" అంది.

*

మా సరుకు సంగతి కాస్త చెప్పాలి. ఆయిల్ అని పేరే గానీ దాన్లో నూనె చుక్క కూడా ఉండదు. మెగ్నీషియం పలుకులు కళ్ళుప్పులాగే తెల్లగా ఉంటాయి. వాటిని వేడినీళ్ళలో కరిగించి, చల్లార్చి, వడగడితే చిక్కటి నీళ్ళు వస్తాయి. వేళ్ళ మధ్య రుద్దితే జిడ్డుగా తగులుతుంది కాబట్టి ఆయిల్ అంటారు. పిక్కలు పట్టేసినవాళ్ళు స్ప్రే చేసుకుని హాయిగా ఉందంటారు. మా నాన్న మొదలుపెట్టిన వ్యాపారం. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది.

నాన్న ఒక పద్ధతి పెట్టాడు. ఏ విడత సరుకైనా సరే, ముందు మా ఇంటివాళ్ళ ఒంటి మీద రాసి, ఒక రోజు ఆగి చూశాకే బయటికి పంపాలి. అప్పట్లో నాన్న ఎడం చెయ్యి. తొమ్మిదేళ్ళుగా నా ఎడం చెయ్యి. ఒక్కనాడు కూడా నా చెయ్యి ఎర్రబడలేదు, ఆ గర్వం మా అమ్మకి చాలా ఉంది.

అందుకే ఆ రోజు అమ్మ తగ్గలేదు. "చూడమ్మాయ్, మొన్నటి విడత కూడా వీడి చేతి మీద చూశాకే ఇచ్చాం. వీడికి దురదైనా పెట్టలేదు."

"చెయ్యి ఒకసారి చూపించండి" అంది ఫిజియో.

చూపించాను. పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. నా చెయ్యి నా మాట వినడం మానేసింది ఆ క్షణానికి.

"ఈ చేతికి తొమ్మిదేళ్ళ అలవాటు. పైగా ఇంత జుట్టు. గోనెసంచి మీద రాసినా ఒకటే, దీని మీద రాసినా ఒకటే" అంది.

నా వైభవం అంతా గోనెసంచి దగ్గర ఆగిపోయింది. ఉక్రోషంగా అడిగాను. "మరి మీవాళ్ళ కాళ్ళేమైనా పట్టుబట్టలా?"

"నున్నగా ఉంటాయి. రేసులవాళ్ళు కాళ్ళు షేవ్ చేసుకుంటారు. కిందపడితే దెబ్బ కడగడం తేలిక, మసాజ్ తేలిక. ఆ రోజు కూడా పొద్దున్నే అందరూ..."

మధ్యలోనే ఆగిపోయింది. నేను అమ్మ వంక చూశాను. అమ్మ కళ్ళద్దాలు నెత్తి మీంచి ముక్కు మీదికి దించింది.

"అప్పుడే గీసిన గడ్డం మీద ఉప్పునీళ్ళు కొడితే ఎలా ఉంటుందిరా?" అంది నాతో.

"చచ్చేలా ఉంటుందమ్మా."

"దాని మీద బిగుతు సాక్స్ కూడా తొడిగారండీ. ఆరని కూడా ఆరనివ్వలేదు" అంది ఫిజియో చిన్నగా. వెంటనే స్వెట్టర్ చెయ్యి పైకి మడిచి మోచెయ్యి చాపింది. "నా అనుమానం నిజమో కాదో తేలాలి. మా క్లినిక్ పెద్ద డాక్టరమ్మకి ఊరికే చెప్తే వినరు, రుజువు కావాలి. ఇక్కడ షేవ్ చేసి రాయండి. ఇప్పుడే చూద్దాం."

అమ్మ ఆ చెయ్యి వెనక్కి నెట్టేసింది. "నీ మీదా? కుదరదు. మా సరుకు ముందు మా ఇంటివాళ్ళ ఒంటి మీదే. నువ్వు బయటి పిల్లవి."

తర్వాత ఇద్దరూ కూడబలుక్కున్నట్టు తలలు తిప్పి నా కాళ్ళ వంక చూశారు.

*

మనిషి సొంత షాపులో, కన్నతల్లి ఎదురుగా, పదిహేను రోజులుగా తలుచుకుంటున్న అమ్మాయి ముందు, ప్యాంటు మోకాలి దాకా మడుచుకుని కాలు షేవ్ చేసుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఎడమకాలు పైసగం గీశాను, కిందసగం వదిలేశాను. ఫిజియో కొప్పులోంచి పెన్ను తీసి, స్కేలు పెట్టి మరీ గళ్ళు గీసింది. నున్నటి చోట మూడు, జుట్టున్న చోట మూడు. ఒకదాంట్లో చిక్కటి సరుకు, రెండోదాంట్లో సగం నీళ్ళు కలిపింది, మూడోదాంట్లో మూడొంతులు నీళ్ళు కలిపింది. ఇరవై నిమిషాలకి టైమర్ పెట్టింది.

"కదలకండి."

"గిలిగింతలు పెడుతున్నారు, కదలకుండా ఎలా?"

"చిన్నపిల్లాడిలా గెంతకండి. ఇది సైన్సు."

మూడో నిమిషంలో సైన్సు మొదలైంది. మొదటి గడిలో ముందు వెచ్చగా, తర్వాత చీమలు పాకినట్టు, ఆ తర్వాత మిరపకాయ రుద్దినట్టు! నేను కుర్చీలోంచి లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"ఎలా ఉంది? కరెక్ట్‌గా చెప్పండి, రాసుకోవాలి."

"అమ్మో అని రాసుకోండి!"

"అలా కుదరదు. పదికి ఎంత?"

"పదకొండు!"

పకపకా నవ్వేసింది. షాపులోకొచ్చాక మొదటిసారి. నవ్వుతూనే తడిగుడ్డతో ఆ గడి తుడిచేసింది. "మండితే ఇరవై నిమిషాలు ఆగక్కర్లేదు, వెంటనే కడిగేయాలి. ఇది నేను మంగళవారం చెయ్యాల్సిన పని" అంది. నవ్వు ఆగిపోయింది.

నాకెందుకో ఆ కుళాయి దగ్గర ఆరుగురు కాదు, పక్కన ఒంటరిగా నిలబడ్డ ఈ అమ్మాయి కనపడింది.

మిగతా గళ్ళకి ఇంకా పదహారు నిమిషాలుంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా! ఎందుకీ ఉద్యోగం అని అడిగాను. వాళ్ళ అక్క మంచి పరుగుల మనిషట. మోకాలు నొప్పని చెప్తే కోచ్ ఓర్చుకోమన్నాడట. ఓర్చుకుంది. ఆ మోకాలు మళ్ళీ పరిగెత్తలేదు.

"అందుకే ఈ చదువు చదివాను. నొప్పి అన్నవాళ్ళ మాట వినే మనిషి ఒకరుండాలని. చివరికి నేనూ ఓర్చుకోండి అనే అన్నాను" అంది, నా కాలి మీద గళ్ళు చూస్తూ.

టీ తెమ్మంటారా అన్నాను. కాలు కదపొద్దంది. అమ్మే తెచ్చింది, అడక్కుండా రెండు బిస్కెట్లు కూడా పెట్టింది. మా అమ్మ బిస్కెట్ డబ్బా మూత తీసిందంటే మామూలు విషయం కాదు.

టైమర్ మోగేసరికి లెక్క తేలింది. అప్పుడే గీసిన చర్మం మీద చిక్కటిది మండించి ఎర్రబరిచింది, సగంనీళ్ళది దురద పెట్టింది, మూడొంతుల నీళ్ళది ఏమీ చెయ్యలేదు. జుట్టున్న చోట చిక్కటిది కూడా ఆరాక తెల్లగా పొడి కట్టి కాస్త చిరచిరలాడింది, అంతే. కడిగేసి కొంచెం క్రీము రాస్తే అదీ పోయింది.

"రేపు ఇదే టైముకి మళ్ళీ. ఒక రోజు ఆగిన చర్మం మీద చూద్దాం. కొత్తగా మాత్రం గీసుకోకండి" అంది, బ్యాగు సర్దుకుంటూ.

"అంటే రేపు కూడా వస్తారా?"

"నేను కాదు, సైన్సు వస్తుంది" అంటూ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

*

మర్నాడు సైన్సు అయిదు నిమిషాలు ముందే వచ్చింది. నేను పది నిమిషాల ముందే ప్యాంటు మడుచుకుని కూర్చున్నాను.

"నిన్నటి మంట తగ్గిందా, పదకొండు గారూ?"

"పేరు కూడా పెట్టేశారా?"

"రికార్డులో అలాగే రాశాను మరి."

గళ్ళు కొత్తగా గీసింది. ఎర్రబడ్డ గడిని ముట్టుకోకుండా దాని పక్కన గీసింది. ఈసారి సగంనీళ్ళది హాయిగా ఉంది. చిక్కటిది మాత్రం కాస్త కుట్టింది. ఒక రోజు ఆగితే చాలు, ఎంత తేడా! ఆవిడ మొహం వెలిగిపోయింది. రేపే రిపోర్టు రాసేస్తానంది. రాయడం అయ్యాక కాఫీకి వస్తారా అని అడుగుదామని నేను, "అదీ, మరీ..." అన్నాను.

"ఆ, చెప్పండి?"

ఫోన్ మోగింది.

కుట్టుమిషన్ మాస్టారు. రోజంతా మిషన్ తొక్కి తొక్కి ఆయనకి పిక్కలు లాగేస్తాయి, మా పాత కస్టమర్. "బాబూ, కొత్త సీసా రాసుకుంటే కాస్త చురుక్కుమంటోంది, ఏం పర్లేదా?" అన్నాడు. నా ధ్యాసంతా కాఫీ మీద ఉంది. కళ్ళు ఆవిడ మీద ఉన్నాయి. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

"అదేం పర్లేదు మాస్టారూ! చురుక్కుమంటే పనిచేస్తున్నట్టే!"

ఫోన్ పెట్టేసి తలెత్తాను.

ఆవిడ పెన్నుకి మూత పెట్టింది.

"అదే గొంతు, అదే నవ్వు, అవే మాటలు" అంది.

"అది... ఏదో అలవాటుగా..."

"నిన్నటి నుంచి నాకే మతిపోయిందేమో అనుకుంటున్నానండీ. నేనే కలగన్నానేమో, మీరు అనని మాట మీకు అంటగట్టానేమో అని. నిన్న పెద్ద డాక్టరమ్మ అడిగారు, ఓర్చుకోమని నీకెవరు చెప్పారు అని. షాపువాళ్ళు చెప్పారనుకున్నాను, కానీ వాళ్ళు అనలేదంటున్నారు అని చెప్పాను. ఆవిడ దృష్టిలో నేనిప్పుడు పొరపాటు చేసినదాన్నే కాదు, అబద్ధాలకోరుని కూడా."

"సారీ అండీ, నిజంగా గుర్తులేదు. ఆ రోజు నేను ఏం మాట్లాడానో..."

"గుర్తులేకపోతే గుర్తులేదనాలి. అనలేదు అనకూడదు."

నేను అనుకున్న మాటే. నాకన్నా బాగా చెప్పింది.

కాగితాలు బ్యాగులో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"ఇంకో పన్నెండు నిమిషాలున్నాయి. టైమర్ మోగగానే కడిగేసుకోండి."

అంత కోపంలోనూ నా కాలు గురించి చెప్పి వెళ్ళింది. పన్నెండు నిమిషాలూ అలాగే కూర్చున్నాను, ఏడుపొక్కటే తక్కువ. మోగగానే కడుక్కున్నాను. తర్వాత మాస్టారికి ఫోన్ చేసి, మండితే వెంటనే కడిగేసుకోమని, ఈసారి నీళ్ళు కలిపి రాసుకోమని, బొబ్బలుగానీ వాపుగానీ వస్తే డాక్టర్‌కి చూపించమని చెప్పాను. "మరి ఇన్నేళ్ళూ అలా చెప్పేవాళ్ళేమిటి బాబూ?" అన్నాడాయన.

*

ఆ చురుక్కుమనే మాట నాది కాదు. నాన్నది. షాపు తెరిచిన రోజు నుంచి ప్రతి కస్టమర్‌తో నాన్న నవ్వుతూ అన్న మాట. సీసా లేబుల్ మీద కూడా అమ్మ చేతిరాతతో అదే ఉంటుందనుకునేరు, లేదు, లేబుల్ మీద పేరూ, బరువూ తప్ప ఏమీ లేదు. వాడకం గురించి మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క మాటే. అది తప్పని చెప్పాలంటే ముందు అమ్మకి చెప్పాలి.

శుక్రవారం మధ్యాహ్నం చెప్పాను. అమ్మ సీసాలు తుడుస్తోంది.

"అమ్మా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఆ అమ్మాయితో ఆ మాట నేనే అన్నాను. రేపు క్లినిక్‌కి వెళ్ళి ఒప్పుకుంటాను. మన మాట తప్పని నలుగురిలో చెప్పాలి. నాన్న మాట."

అమ్మ తుడుస్తూనే ఉంది. కోప్పడుతుందనుకున్నాను.

"మీ నాన్న ఎండాకాలంలో కూడా అప్పుడప్పుడు ఫుల్ చేతుల చొక్కా వేసుకునేవాడు, గుర్తుందా?" అంది.

"ఆ. స్టైల్ అనేవాడు కదా."

"స్టైలూ లేదు, పాడూ లేదు. చెయ్యి కందిపోయినప్పుడల్లా వేసుకునేవాడు. నేను చూస్తే సరుకు బాలేదంటానని దాచేవాడు. నాకు తెలియదనుకునేవాడు పిచ్చి మారాజు. ఆయన చొక్కాలు ఉతికింది నేనే కదరా."

"మరి నువ్వెప్పుడూ అనలేదే?"

"ఆయన అంత సరదాగా చెప్పే మాట నేనెలా కాదంటాను? పోయాక అసలే అనలేకపోయాను. ఆ మాట నువ్వంటుంటే ఆయనే షాపులో ఉన్నట్టుండేది." చీరకొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఎవరి పిల్లో పాపం, మన మాట నమ్మి ఉద్యోగం పోగొట్టుకోకూడదు. వెళ్ళు. ఆ కాలు కూడా చూపించు."

*

శనివారం తొమ్మిదిన్నరకే క్లినిక్‌లో ఉన్నాను. పెద్ద డాక్టరమ్మ గదిలో ఒక మూల ప్లాస్టిక్ అస్థిపంజరం, దాని పక్కన సైకిల్ టీమ్ కెప్టెన్. ఇద్దరూ నన్ను ఒకేలా చూశారు. ఫిజియో ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది, కానీ పలకరించలేదు.

"మీరెవరు?" అంది డాక్టరమ్మ.

"ఆ సీసాలు చేసేవాణ్ణి మేడమ్. చురుక్కుమంటే పనిచేస్తున్నట్టే అని ఈవిడతో చెప్పింది నేనే. తర్వాత మా అమ్మ ముందు అనలేదని బొంకాను. ఈవిడ అబద్ధం చెప్పలేదు. అది ముందు చెప్పాలని వచ్చాను."

ఒక్క ఊపిరిలో చెప్పేసి, ఎవరూ అడక్కుండానే ప్యాంటు మడిచి కాలు కుర్చీ మీద పెట్టేశాను. డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని వంగింది. కెప్టెన్ కూడా వంగాడు.

"మండితే పనిచేస్తున్నట్టా? అయితే వెళ్ళి వేడి పెనం మీద చెయ్యి పెట్టుకోండి, ఇంకా బాగా పనిచేస్తుంది" అంది డాక్టరమ్మ.

"తప్పే మేడమ్."

"ఈ గళ్ళు ఎవరు వేశారు?"

"ఆవిడే."

"స్కేలు పెట్టి వేసినట్టున్నాయి."

"స్కేలు పెట్టే వేశారు మేడమ్. నవ్వినా కూడా గీత వంకరపోలేదు."

ఫిజియో పెదవి కొరుక్కుంది. తర్వాత ఒక అడుగు ముందుకేసింది. "మేడమ్, ఈయన చెప్పింది ఒక కారణం మాత్రమే. ఒకరి మీద రాసి చూడకుండా ఆరుగురికీ ఒకేసారి రాసింది నేను. పొద్దున్నే షేవ్ చేసుకున్నారా అని అడగలేదు. మండుతోందంటే వినలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే."

డాక్టరమ్మ వెనక్కి వాలి కూర్చుంది. "మూడు రోజులుగా ఈ మాట కోసమే చూస్తున్నాను. మొదట్నుంచీ సీసా అలాంటిది, షాపు అలాంటిది అనే చెప్పావు గానీ, వినలేదు అని ఇప్పుడే అన్నావు." ఫైలు తీసుకుని రెండు పేజీలు తిప్పింది. కెప్టెన్ వైపు చూసింది. "ఏమంటారు? రేపటి రేసుకి ఈవిడ ఉండాలా, వేరేవాళ్ళని పంపనా?"

కెప్టెన్ ఇంకా నా కాలే చూస్తున్నాడు. "ఈయన కాలికి ఇంత చేసిందంటే మా కాళ్ళు బాగానే చూసుకుంటుంది. ఉండనీండి మేడమ్."

"ఉండు అయితే. సోమవారం ఉద్యోగం ఆర్డర్ ఇస్తాను. వాడకం ఒక కాగితం మీద రాసి గోడకి అంటించు. మీరూ వినండి, సీసా మీద జాగ్రత్తలు రాయకుండా ఒక్కటి కూడా నా క్లినిక్ గడప తొక్కకూడదు. ఆ కాలు దించండిక, మా అస్థిపంజరం సిగ్గుపడుతోంది."

*

బయట సన్నగా తుంపర. నేను చూరు కింద నిలబడ్డాను. వెళ్ళిపోవచ్చు, పని అయిపోయింది. వెళ్ళలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆవిడ బయటికొచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నారా? మూడు గంటలుగా?"

"గొడుగు మర్చిపోయాను."

"చేతిలో ఉన్నదేమిటి?"

చూసుకున్నాను. గొడుగే. ఇక బుకాయించడం అనవసరం అనిపించింది. ఈ అమ్మాయితో ఒకసారి బొంకి నేను పడ్డ పాట్లు చాలు.

"ఉన్నమాట చెప్పేస్తాను. మీరు మొదటిసారి వచ్చిన రోజు నేనేం మాట్లాడానో నాకెందుకు గుర్తులేదో తెలుసా? మీ కొప్పులో పెన్ను చూస్తూ వాగాను. అది మీకు చెప్పకుండా మీ చేత అంతసేపు వెతికించాను. మీరు ఇంకాసేపు ఉంటారని. నాకు మీరంటే ఇష్టం. కోపం వచ్చినా ఇష్టమే, పదకొండు అని పిలిచినా ఇష్టమే. మీతో పెళ్ళి, ఇల్లు, రోజూ గొడవ, అన్నీ ఊహించేసుకున్నాను. మీరేమంటారో చెప్పండి."

ఆవిడ చెయ్యి గబుక్కున కొప్పు మీదికి పోయింది. పెన్ను అక్కడే ఉంది.

"ఆ రోజు నా పెన్ను కనపడుతూనే ఉందా మీకు!"

"కనపడింది."

"ఎంత మోసం!" అంది. కళ్ళల్లో నవ్వు, కానీ వెంటనే సర్దుకుంది. "చూడండి. ఒకసారి తొందరపడి ఆరుగురి కాళ్ళు కాల్చాను. ఇంక దేనికీ తొందరపడను. ఏదైనా సరే ఇరవై నాలుగు గంటలు ఆగి చూస్తాను. రేపు ఒంటిగంటకి చెప్తాను."

"ఇరవై నిమిషాలు చాలవా?"

"చాలవు."

*

ఆ ఇరవై నాలుగు గంటలు నేను ఎలా గడిపానో నాకే తెలియదు. సాయంత్రమే అమ్మకి అంతా చెప్పేశాను. అమ్మ ఊఁ అంది, అంతే. ఆదివారం షాపు సెలవు. అయినా పొద్దున్నే కొత్త విడత మొదలుపెట్టింది, ఈసారి సగం నీళ్ళతో. నన్ను పక్కన కూర్చోబెట్టి కొత్త లేబుల్ రాసింది. ముందు చిన్న చోట రాసి ఒక రోజు చూడండి. అప్పుడే షేవ్ చేసుకున్న చోట, దెబ్బ తగిలిన చోట రాయకండి. మండితే వెంటనే కడిగేయండి. మూడు వాక్యాలు రాయడానికి ముప్పావుగంట పట్టింది. రాసి, గోడ మీద నాన్న ఫొటో వైపు ఒకసారి చూసి, జిగురు పూసింది.

ఒంటిగంటయింది. రాలేదు. ఒంటిగంటా అయిదు. రాలేదు. "గడియారం కింద అలా తచ్చాడకురా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది అమ్మ. ఒంటిగంటా పదికి తలుపు తోసుకుని వచ్చింది. ఒళ్ళంతా బురద చుక్కలు, మెడలో టీమ్ ఈల.

"నాలుగో స్థానం!" అంది రొప్పుతూ. "ఒక్కళ్ళు కూడా కుళాయి దగ్గర ఆగలేదు!"

"అది సరే. ఇరవై నాలుగు గంటలు దాటి పది నిమిషాలైంది" అన్నాను.

ఆవిడ ఊపిరి తీసుకుంది. అమ్మ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఎక్కడా ఎర్రబడలేదు. దురద కూడా లేదు" అంది. చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి. "నాకూ ఇష్టమే."

నేనేం చెయ్యాలో తెలియక, కొత్త సీసా కనపడితే అలవాటుగా చొక్కా చెయ్యి మడిచి అమ్మ ముందుకి చాపాను. అమ్మ నా చెయ్యి పక్కకి తోసేసింది.

"నీ గోనెసంచి చెయ్యి ఎవడిక్కావాలి?" అని ఆవిడ వైపు తిరిగింది. "చెయ్యి ఇలా పెట్టమ్మా."

ఆవిడ తెల్లబోయింది. "ఆ రోజు వద్దన్నారు కదండీ?"

"ఆ రోజు నువ్వు బయటి పిల్లవి."

ఒక్క క్షణం పట్టింది ఆవిడకి. తర్వాత బురద చెయ్యి గబగబా కడుక్కుని, తుడుచుకుని, మోచెయ్యి చాపింది. కళ్ళల్లో నీళ్ళు. అమ్మ ఆ చేతి మడతలో ఒక్క చుక్క రాసింది. ఆవిడే తన కొప్పులోంచి పెన్ను తీసి దాని చుట్టూ గడి గీసి, పక్కన టైము వేసింది. నేను టైమర్ తిప్పాను.

"మండుతోందామ్మా?" అంది అమ్మ.

"లేదత్తయ్యా" అంది ఆవిడ. ఇంకా అలాగే గాల్లో చాపి ఉన్న నా గోనెసంచి చెయ్యిని రెండో చేత్తో పట్టుకుంది.